ఇంటి గుట్టు ఎవరి దగ్గర ఉంది? కుటుంబ నవలల్లో ఒకటి ఎంచుకోవాలనుకునేవారికి

ఇంటి సంబంధాలు, దాచిపెట్టిన సంగతులు, పిల్లలు పెద్దవాళ్లు కావడం, ఈ మూడూ కలిసిన నవల ఒకటి చెప్పమని అడిగేవారికి పుస్తకం పేరు చెప్పే ముందు ఒక ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది. ఆ కథలోని ఇంటి గుట్టు ఎవరి దగ్గర ఉంటే మీకు చదవబుద్ధి అవుతుంది? పెద్దల దగ్గర ఉండి పిల్లలకు ఆలస్యంగా తెలిసేదా, ఇంటిల్లిపాదికీ తెలిసి కూడా ఎవరూ నోరు విప్పనిదా, లేక తాతముత్తాతల నుంచి వెంటబడి వస్తూ ఎవరికీ కారణం అంతుపట్టనిదా? బహుమతుల జాబితా చూసి కొన్న పుస్తకాలు సగంలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. పుస్తకం మంచిదే అయి ఉంటుంది, చదివేవారికి కావలసిన రకం గుట్టు అందులో ఉండదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇటువంటి నవలల కోసం వెతికేవారిలో ముఖ్యంగా మూడు రకాల వారు కనిపిస్తారు. పోటీ పరీక్షల పుస్తకాల నడుమ కాస్త కథ కావాలనుకునే డిగ్రీ, పీజీ విద్యార్థులు ఒకరు; కళాశాలల్లో, గురుకులాల్లో పాఠాలు చెప్పేవారు మరొకరు; పిల్లలు పట్నంలో స్థిరపడిన తర్వాత తీరిక చిక్కిన పెద్దలు ఇంకొకరు. ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం సరిపోదు. అయితే ఈ జిల్లాల పాఠకులందరికీ కలిసే సంగతి ఒకటుంది. తల్లిదండ్రులు ముంబయికో పుణెకో పనికి పోతే అవ్వాతాతల దగ్గర పెరిగినవారు, అయిదో తరగతిలోనే గురుకుల హాస్టల్లో చేరి సెలవులకు మాత్రమే ఇల్లు చూసినవారు ఇక్కడ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కన్నవారికి దూరంగా ఎదగడమనేది ఇక్కడి పాఠకులు నవలల్లో కొత్తగా తెలుసుకోవలసిన విషయం కాదు. ఈ ఎంపికలో నేను ఆ సంగతిని కొంచెం ఎక్కువగానే లెక్కలోకి తీసుకున్నాను.

ఆ లెక్క ప్రకారం అందరికంటే ముందు చెప్పవలసింది ఐర్లండ్ రచయిత్రి క్లేర్ కీగన్ రాసిన ‘ఫాస్టర్’. 2010లో విడి పుస్తకంగా వచ్చిన ఈ రచన వంద పేజీలలోపే ముగుస్తుంది కనుక దీన్ని పెద్ద కథ అనాలా, నవలిక అనాలా అని విమర్శకులు వాదించుకుంటారు. చదివేవారికి ఆ వాదంతో పని లేదు. సంతానం ఎక్కువైన ఒక పేద రైతు ఇంట్లో తల్లి మళ్లీ నిండు నెలలతో ఉంటుంది. ఆ వేసవికి ఒక ఆడపిల్లను తల్లి తరఫు బంధువుల ఇంట్లో విడిచిపెట్టడానికి తండ్రి కారులో తీసుకుపోతాడు. ఎన్నాళ్లు అక్కడ ఉండాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. తండ్రి భోజనం చేసి, పంటల గురించి, ఖర్చుల గురించి నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతాడు. ఆయన వెళ్లిన తర్వాత గాని తెలియదు, పిల్ల బట్టల పెట్టె కారులోనే ఉండిపోయిందని. ఇంటామె పిల్లకు స్నానం చేయించి, ఒక మగపిల్లవాడి పాత బట్టలు తీసి తొడుగుతుంది. పిల్లను పడుకోబెట్టిన గదిలో గోడకు అంటించిన కాగితం నిండా రైలుబండ్ల బొమ్మలు ఉంటాయి. ఆ ఇంట్లో మాత్రం పిల్లలెవరూ లేరు.

ఇంతకు మించి చెబితే చదవబోయేవారికి అన్యాయం చేసినట్టవుతుంది. కథ మొత్తం ఆ పిల్ల గొంతుతోనే సాగుతుంది కనుక ఆమెకు తెలిసినంతే మనకూ తెలుస్తుంది. కాని ఆమె చూసి ఊరుకున్న వాటిని మనం చూసి ఊరుకోలేము. బట్టలు, గోడ కాగితం, ఇంటామె ఒక్క క్షణం ఆగి ఇచ్చే జవాబు, వీటిని కూడుకుంటూ పోవడమే ఈ పుస్తకం చదవడంలోని పని. నా దృష్టిలో దీని అసలు బలం గుట్టు బయటపడటంలో లేదు. పరాయి ఇంట్లో మొదటిసారి ఎవరో తన జుట్టు దువ్వి, చేయి పట్టుకుని నడిపించినప్పుడు, తన సొంత ఇంట్లో ఏమి లోటుందో ఆ పిల్లకు తెలిసివస్తుంది. కన్నవారు దుర్మార్గులని రచయిత్రి ఎక్కడా అనదు. చేతినిండా పని, ఇంటినిండా పిల్లలు ఉన్నచోట ప్రేమ చూపడానికి తీరిక ఎక్కడిది? దేవరకొండ తండాల్లోనో, నారాయణపేట వైపు పల్లెల్లోనో మేనత్త ఇంట్లో, అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నవారికి ఈ ఇబ్బందికరమైన పోలిక కొత్తది కాకపోవచ్చు. ఇంగ్లీషు వాక్యాలు చిన్నవి. అక్కడి పొలం పనులకు సంబంధించిన మాటలు కొన్ని తగిలినా, డిగ్రీ విద్యార్థి తడుముకోకుండా చదవగలడు. నల్లగొండ నుంచి హైదరాబాదుకు బస్సులో పోయి వచ్చే సమయంలో పూర్తవుతుంది కూడా.

పెద్దలు దాచినది పిల్లలకు తెలియడమే కావాలి, కాని ఇంత నెమ్మది వద్దు, కాస్త పోట్లాట ఉండాలి అనుకునేవారికి ఎలెనా ఫెర్రాంటే ‘ది లైయింగ్ లైఫ్ ఆఫ్ అడల్ట్స్’ తగినది. ఇటాలియన్‌లో 2019లో వచ్చింది, ఆన్ గోల్డ్‌స్టీన్ ఇంగ్లీషు అనువాదం 2020లో వెలువడింది. నేపుల్స్ నగరంలో, పై తరగతి మనుషుల పేటలో, తల్లీతండ్రీ ఇద్దరూ పాఠాలు చెప్పుకునే ఇంట్లో పెరుగుతున్న జొవాన్నా అనే అమ్మాయి, మార్కులు తగ్గినప్పుడు తండ్రి తల్లితో అన్న మాట ఒకటి చాటుగా వింటుంది: ఈమె ముఖం రోజురోజుకూ మేనత్త ముఖంలా తయారవుతున్నదని. ఆ ఇంట్లో మేనత్త పేరు ఎత్తడమే తప్పు. అమ్మాయి పాత ఫొటోలు తీసి వెతికితే, మేనత్త ఉండవలసిన ప్రతిచోటా ముఖాన్ని నల్ల సిరాతో కొట్టేసి ఉంటుంది. అక్కడి నుంచి ఆమె నగరం దిగువనున్న బీద పేటకు పోయి మేనత్తను వెతికి పట్టుకుంటుంది. మేనత్త మాట్లాడేది నేపుల్స్ యాస, తండ్రి మాట్లాడేది పుస్తకాల భాష. ఇంట్లో ఒక తీరు, కాలేజీలో మరొక తీరు మాట్లాడవలసి వచ్చిన తెలంగాణ పిల్లలకు ఆ రెండింటి మధ్య ఉన్న దూరం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ రెండింటిలో ఒకటే కొనవలసి వస్తే తేడా ఇలా చూడవచ్చు. కీగన్ రాసిన పిల్ల ఎప్పుడు మాట్లాడకూడదో నేర్చుకుని పెద్దదవుతుంది. ఫెర్రాంటే రాసిన పిల్ల అబద్ధం ఎలా చెప్పాలో నేర్చుకుని పెద్దదవుతుంది. మొదటిదాన్ని పన్నెండేళ్ల పిల్ల నుంచి ఎనభై ఏళ్ల పెద్దావిడ దాకా ఎవరికైనా ఇవ్వవచ్చు. రెండవదానిలో శరీరానికి, కామానికి సంబంధించిన ఘట్టాలు సూటిగా ఉన్నాయి కనుక పాఠశాల పిల్లలకు ఇచ్చేది కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఫొటోల ఘట్టం, మేనత్తను మొదటిసారి కలిసే ఘట్టం ఎంత బిగువుగా ఉంటాయో, నవల చివరి భాగంలోని ప్రేమ వ్యవహారాలు అంత సాగదీతగా అనిపిస్తాయి. సగం దాటిన తర్వాత వేగం తగ్గితే అది మీ లోపమని అనుకోవద్దు.

ఇక రెండవ రకం గుట్టు, అంటే ఇంట్లో అందరికీ తెలిసినది, ఎవరూ అననిది. ఈ రకంలో వివేక్ శానభాగ్ ‘ఘాచర్ ఘోచర్’ను మించినది ఇటీవల నేను చూడలేదు. కన్నడంలో 2013లో వచ్చింది. శ్రీనాథ్ పేరూర్ ఇంగ్లీషు చేశారు. ఒక సేల్స్‌మన్ జీతం మీద, చీమలు బారులు తీరే చిన్న ఇంట్లో ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికిన బెంగళూరు కుటుంబం అది. తండ్రి ఉద్యోగం పోయిన తర్వాత చిన్నాయన మసాలా దినుసుల వ్యాపారం మొదలుపెడతాడు, డబ్బు వస్తుంది, పెద్ద ఇల్లు వస్తుంది, అందరి అలవాట్లూ మారిపోతాయి. సంపాదించేవాడు ఒక్కడే కనుక ఆయనకు నచ్చని మాట ఆ ఇంట్లో పుట్టదు. ఆయన భోజనం వేళ, ఆయన నిద్ర, ఆయన చికాకు, వీటి చుట్టూ ఇల్లు తిరుగుతుంది.

ఈ నవల గురించి నిర్ణయం తీసుకోవడానికి ఒక్క ఘట్టం తెలిస్తే చాలు. ఒకరోజు ఒక స్త్రీ ఆ చిన్నాయనను వెతుక్కుంటూ ఆ ఇంటి ముందుకు వస్తుంది. ఆయనకు ఇష్టమని ఎర్రపప్పు కూర వండి డబ్బాలో పెట్టుకుని తెస్తుంది. ఆయన ఇంట్లోనే ఉండి బయటికి రాడు. కథ చెప్పే యువకుడి తల్లి, సోదరి కలిసి వాకిట్లోకి వచ్చి, ఆమెను నానా మాటలూ అని తరిమేస్తారు. డబ్బా కింద పడి కూర నేలపాలవుతుంది. కథ చెబుతున్న యువకుడు చూస్తూ నిలబడతాడు. కొత్తగా ఆ ఇంటికి వచ్చిన అతని భార్య ఒక్కతే, ఇదేమి న్యాయమని అడుగుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె స్థానం ఏమిటన్నదే మిగిలిన కథ. ఇందులో ఎదగడం తలకిందులుగా ఉంటుంది. పెళ్లయి, జీతం లాంటిది ఇంటి వ్యాపారం నుంచే చేతికందుతూ, ఏ పనీ చేయనక్కరలేని మగవాడు చివరిదాకా పెద్దవాడు కాకపోవడమే ఇక్కడి విషయం.

హైదరాబాదుకు దగ్గరగా ఉన్న మండలాల్లో, రహదారుల వెంట, భూముల ధరలు పెరిగి ఒక్క తరంలోనే పరిస్థితి మారిన కుటుంబాలు మనకు తెలుసు. ఆ డబ్బు ఎలా వచ్చిందో, ఎవరి సంతకంతో వచ్చిందో పండుగనాడు అందరూ కూర్చున్న చోట ఎవరూ ఎత్తరు. అలాంటి ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినవారికి ఈ పుస్తకం గట్టిగా తగులుతుంది. అదే ఇంటి కొడుకులకు ఇంకా గట్టిగా తగలాలి. నిడివి తక్కువ, భాష సులువు. ముగింపు మాత్రం తేల్చి చెప్పదు, అనుమానం మిగిల్చి ఆపేస్తుంది. అన్నీ తేలిపోతే గాని తృప్తి లేనివారు దీన్ని ఎంచుకోకపోవడమే నయం. కృష్ణ మండలం, మక్తల్, నారాయణపేట ప్రాంతాల్లో కన్నడం చదవగలిగినవారు ఉన్నారు కనుక వారు మూలాన్నే పట్టుకోవడం మంచిది.

మూడవ రకం గుట్టు, అంటే తాతముత్తాతల నుంచి వెంటబడి వచ్చేది కావాలంటే, దీని పక్కన పెట్టి తూచవలసిన పుస్తకం అబ్రహాం వర్గీస్ ‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’. 2023లో వచ్చిన ఈ నవల ఏడు వందల పేజీలు దాటుతుంది, 1900 నుంచి 1977 దాకా కేరళలోని ఒక సిరియన్ క్రైస్తవ కుటుంబం కథ చెబుతుంది. పన్నెండేళ్ల పిల్లను నలభై ఏళ్ల వయసున్న, భార్య పోయిన రైతుకు ఇచ్చి పెళ్లి చేయడంతో మొదలవుతుంది. ఆ ఇంట్లో ప్రతి తరంలోనూ కనీసం ఒకరు నీళ్లలో మునిగి చనిపోతారు. కాలువలూ కయ్యలూ తప్ప దారి లేని దేశంలో ఆ ఇంటి యజమాని పడవ ఎక్కడు, ఎంత దూరమైనా నడిచే పోతాడు. చనిపోయినవారి గుర్తులతో వంశవృక్షం ఒకటి ఇంట్లో భద్రంగా ఉంటుంది. వాళ్లు దాన్ని శాపమని అనుకోవచ్చు, రచయిత వైద్యుడు కనుక కారణం వైద్యంలో వెతుకుతాడు. తన మనవరాలి కోసం వర్గీస్ తల్లి రాసిపెట్టిన జ్ఞాపకాల నోటుపుస్తకం ఈ నవలకు ప్రేరణ.

‘ఘాచర్ ఘోచర్’లో కుటుంబం ఒక భోజనాల బల్ల చుట్టూ ఇమిడిపోతుంది, ఇక్కడ మూడు తరాలు, ఆస్పత్రులు, ఏనుగు, మద్రాసు, స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరు, కుష్ఠురోగుల ఆశ్రమం అన్నీ ఉంటాయి. అక్కడ ఎవరినీ నమ్మలేము, ఇక్కడ దాదాపు అందరూ మంచివారే. నాకు ఈ మంచితనం అక్కడక్కడ మితిమీరినట్టు తోచింది, మరణాలు కూడా అవసరానికి మించి ఉన్నాయి. అయినా ఆ పన్నెండేళ్ల పిల్ల ఇంటికి పెద్దమ్మచ్చిగా, అంటే అందరికీ పెద్ద తల్లిగా మారే క్రమం, సవతి కొడుకుతో ఆమెకు కలిగే అనుబంధం, ఈ రెండింటి కోసమే మొదటి రెండు వందల పేజీలు చదవవచ్చు. ఉద్యోగ విరమణ తర్వాత తీరికగా, రోజుకు ఇరవై పేజీల చొప్పున చదివే పెద్దలకు ఇది సరైన ఎంపిక. పరీక్షలు నెత్తిమీద ఉన్న విద్యార్థికి కాదు.

డగ్లస్ స్టూవర్ట్ ‘షగ్గీ బెయిన్’ గురించి కొంత హెచ్చరికతో చెప్పాలి. 2020లో బుకర్ బహుమతి పొందిన ఈ మొదటి నవల గ్లాస్గో నగరంలో, గనులు మూతపడిన కార్మికుల పేటల్లో, తాగుడుకు బానిసైన తల్లిని కనిపెట్టుకుని ఉండే పిల్లవాడి కథ. తాగి ఇల్లు గుల్ల చేసే తండ్రి కథలు మనకు కొత్త కాదు. బెల్టు షాపు లేని ఊరు వెతికితే గాని దొరకదు. తాగే తల్లిని చూసిన పాఠకులు తక్కువ. పేటంతా ఎరిగిన గుట్టును ఆ పిల్లవాడు ఒక్కడే దాచిపెట్టాలని చూస్తాడు. తల్లి ఎంత దిగజారినా ముఖానికి రంగు, ఒంటికి మంచి కోటు లేకుండా గడప దాటదు. అందరిలా లేడని పేట పిల్లలు షగ్గీని ఏడిపిస్తుంటే, మగపిల్లవాడిలా ఎలా నడవాలో అన్న లీక్ నడిచి చూపించి నేర్పే ఘట్టం ఒక్కటి చాలు, అన్నదమ్ముల బంధం గురించి రచయితకు ఎంత తెలుసో చెప్పడానికి. సంభాషణల్లో గ్లాస్గో యాస దట్టంగా ఉంటుంది కనుక ఇంగ్లీషులో చదివే మొదటి నవలగా దీన్ని తీసుకోవద్దు. ఇంట్లో ఇదే బాధ అనుభవిస్తున్న పిల్లలకు కూడా చేతికి ఇచ్చి ఊరుకోకూడదు, పక్కన మాట్లాడే పెద్దలు ఉండాలి.

తెలుగులోనే చదవాలి అనేవారికి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఉంది. 2019లో అమెరికాలోని తెలుగువారి సంఘం తానా నిర్వహించిన నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. నిజానికి ఇందులో గుట్టు లేదు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరకక తిరిగివచ్చిన పిరికి కుర్రవాడు, కరువు కాలంలో గొర్రెల మందతో తండ్రి వెంట నల్లమల ఎక్కుతాడు. పులి భయం, నీటి వేట, తోటి కాపరుల మాటలు, వీటి మధ్య తండ్రి ఎంత పనిమంతుడో కొడుకుకు మొదటిసారి అర్థమవుతుంది. కథ కడప వైపుది, యాస కూడా అటుదే. అయితే నల్లమల మనకూ అచ్చంపేట, అమ్రాబాదుల నుంచే మొదలవుతుంది, జీవాల వెంట ఊళ్లు పట్టి తిరిగే గొల్లకురుమలు పాలమూరులో, నల్లగొండలో తక్కువేమీ కాదు. ‘షగ్గీ బెయిన్’ పక్కన పెడితే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ పిల్లవాడు తల్లిని కాపాడలేక పెద్దవాడవుతాడు, ఇక్కడ తండ్రి పనిలో భాగం పంచుకుని పెద్దవాడవుతాడు. బీటెక్ పూర్తిచేసి ఖాళీగా ఉన్న కొడుకు, ఆ కొడుకుతో మాట తగ్గిపోయిన తండ్రి ఉన్న ఇంటికి నేను కొనిపెట్టే పుస్తకం ఇదే. ఇటీవలిది కాకపోయినా, నల్లగొండ పలుకుబడిలోనే దళిత జీవితం చదవాలనుకునేవారు వేముల ఎల్లయ్య ‘కక్క’ కోసం గ్రంథాలయంలో అడగాలి.

గీతాంజలి శ్రీ ‘రేత్ సమాధి’ పేరు చాలామంది విని ఉంటారు. 2018లో హిందీలో వచ్చి, డైసీ రాక్‌వెల్ ఇంగ్లీషు అనువాదానికి 2022లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. భర్త పోయిన తర్వాత గోడవైపు తిరిగి పడుకున్న ఎనభై ఏళ్ల ముసలామె మళ్లీ లేచి, కూతురి ఇంటికి చేరి, ఎవరికీ చెప్పని తన గతాన్ని వెతుక్కుంటూ సరిహద్దు దాటే కథ. తల్లి దగ్గర పిల్లలకు తెలియని గుట్టు ఉండటం ఆసక్తికరమే. కాని వాక్యాలు వంకలు తిరుగుతూ పోతాయి, కథ వదిలి కాకుల మీదికీ తలుపుల మీదికీ మళ్లుతుంది. పై వాటిలో రెండు మూడు చదివి, ఇంకా ఓపిక ఉన్నవారు మాత్రమే దీని జోలికి వెళ్లాలి. హిందీ బాగా వచ్చినవారికి మూలమే రుచిస్తుంది.

కొనడం గురించి రెండు మాటలు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో తెలుగు నవలలు దొరికే అవకాశం ఎక్కువ, ఇటీవలి ఇంగ్లీషు నవలలు తక్కువ. తొందర లేకపోతే హైదరాబాదు పుస్తక ప్రదర్శన దాకా ఆగవచ్చు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతుల కోసం వెతకవచ్చు. ‘కవనెంట్ ఆఫ్ వాటర్’ వంటి లావు పుస్తకాన్ని ఫోనులో నమూనా పేజీలు చదివిన తర్వాతే కొనాలి, ఆ పేజీల్లో పెళ్లికూతురు మీ మనసుకు పట్టకపోతే మిగిలిన ఏడు వందల పేజీలూ పట్టవు. ఇతర భాషల నుంచి వచ్చిన వాటికి తెలుగు అనువాదం ఉందేమో దుకాణంలో ముందే అడగండి, ఇంగ్లీషులో చదివితేనే గొప్ప అన్న భ్రమ ఈ విషయంలో అక్కరలేదు. ‘ఫాస్టర్’ను 2022లో ఐరిష్ భాషలో సినిమాగా తీశారు, చాలా బాగుంటుంది, కాని పుస్తకం పూర్తయ్యేదాకా దాన్ని చూడవద్దు, గోడ కాగితం సంగతి కళ్లకు ముందే చిక్కితే చదువులో సగం పని పోతుంది.

నలుగురు స్నేహితులు కలిసి ఒకే పుస్తకం చదివి మాట్లాడుకోవాలని అనుకుంటే మాత్రం ‘ఘాచర్ ఘోచర్’ తీసుకోండి. ఒక్క వారంలో అందరూ ముగించగలరు. ఆ ఎర్రపప్పు డబ్బా దగ్గర కోడలు నోరు విప్పడం సరైనదా, కొత్తగా వచ్చిన మనిషి కొంత ఆగవలసిందా అన్న చోట నలుగురూ ఒక్క మాట మీదికి రారు. అందులో పెళ్లయిన వారూ కాని వారూ కలిసి ఉంటే ఆ వాదన ఒక సాయంత్రంతో తేలదు.